మూడో పిలుపు

తాడు ఒక్కసారి గుంజితే ఏనాడూ అంటుకోదు ఆ బండి. పగిడయ్య హ్యాండిల్‌కున్న లివర్‌ను ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో మూడోసారి తాడు లాగాడు. బండి అంటుకుంది.

అది గడ్డి కోసే పెట్రోల్ మిషన్. రిసార్టులో అందరూ బండి అనే అంటారు. పక్కన సైలెన్సర్ ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలూ, వాటి మధ్య మసిబారిన ఒక బొక్కా తప్ప ఏమీ లేవు. ఆ బొక్కలోంచి పొగా మంటా మోతా ఒకేసారి బయటికొస్తాయి. మోత అంటే అలాంటిలాంటి మోత కాదు. పక్కన నిలబడ్డ మనిషికి పళ్ళు జివ్వుమంటాయి. కొంగలు ఆ చుట్టుపక్కల చెట్లు వదిలి ఐదు నెలలైంది. పగిడయ్యకు ఆ వీలు లేదు కాబట్టి చేలో ఏరిన పత్తిని ఉండలు చేసి రెండు చెవుల్లో కుక్కుకుని, పైన తువ్వాల చుట్టుకుని, ఆ మోత వెనకాలే నడుస్తున్నాడు.

కిన్నెరసాని వైపు అడవి అంచున హైదరాబాదు ఆసామి ఒకాయన కట్టించిన రిసార్టు అది. పదిహేను గదులు, ఒక ఈతకొలను, రెండెకరాల గడ్డి. పగిడయ్య వాళ్ళ ఊళ్ళో బోరింగు బుస్సుమని గాలి కక్కే మార్చి నెలలో కూడా ఆ గడ్డి పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. దానికి మూడు పూటలా నీళ్ళు పట్టేదీ పగిడయ్యే, వారానికి రెండుసార్లు తల గొరిగేదీ పగిడయ్యే.

సైలెన్సర్ ఊడిపోయింది బతుకమ్మ పండుగ దాటిన వారంలో. బోల్టులు విరిగి కింద పడితే, కాలిపోతున్న ఆ ముక్కను తడి గోనెసంచితో పట్టుకుని పోయి మేనేజర్ శ్రీనివాస్‌కు చూపించాడు.

"ఆర్డర్ పెడ్త తియ్," అన్నాడు శ్రీనివాస్. మంచి మనిషి లాగే అన్నాడు.

ఆ తరువాత అడిగినప్పుడల్లా ఒక జవాబు. కొరియర్ రాలేదు. కంపెనీలో స్టాక్ లేదట. వచ్చింది గానీ సైజు తేడా, వాపస్ పంపిన. ఏ జవాబైనా నిజమే అనిపించేటట్టు చెప్పడం శ్రీనివాస్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఎదుటివాడి కళ్ళలోకి చూసి, భుజం మీద చెయ్యేసి మరీ చెబుతాడు. పగిడయ్య నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

గడ్డి సంచి నిండింది. పగిడయ్య లివర్ వదిలాడు. బండి ఆగింది. సంచి విప్పి ఎరువు గుంట దగ్గరికి నాలుగడుగులు వేశాడో లేదో, చొక్కా జేబులో ఫోన్ వణికింది. పాటలాగా మోగేదాన్ని పోయిన నెలలో గదులు ఊడ్చే ప్రమీలే ఇలా వణికేటట్టు మార్చి పెట్టింది. "మోగితే నువ్వు ఎత్తుతలేవన్నా, సార్ నన్ను పంపుతుండు," అని.

"ఏంది పగిడయ్యా, బండి ఆగింది?" ఫోన్లో శ్రీనివాస్.

పత్తి తీసి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు పగిడయ్య. "సంచి నిండింది సార్."

"జల్దీ జల్దీ."

ప్రతిసారీ ఇంతే. సంచి నిండినా, పెట్రోల్ అయిపోయినా, దాహమై నీళ్ళు తాగినా, బండి ఆగిన రెండు నిమిషాల్లో జేబు వణుకుతుంది. పనంటే ఈయనకు ఎంత పట్టింపో అనుకునేవాడు పగిడయ్య. ఎన్ని పనుల్లో ఉన్నా నా బండి మీద ఒక చెవి వేసి ఉంచుతాడు కదా అని లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే తరువాత అతనికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

మర్నాడు తెలవారకముందే పగిడయ్యా, భార్య జంపక్కా ఇప్పపువ్వుకు పోయారు. వాగు దాటాక మూడు చెట్లు వాళ్ళవి. పగిడయ్య తాత నాటినుంచీ వాళ్ళవే. చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి పెట్టుకున్నారు. పాలిపోయిన పువ్వులు ఒక్కొక్కటే రాలి నేల తెల్లబడుతోంది. జంపక్క గంపతో వంగింది. పగిడయ్య వాగు వైపు తిరిగి మొద్దు మీద కూర్చున్నాడు.

ఏరేది ఆడది, కూర్చునేది మగవాడు. చూసేవాళ్ళకు సోమరితనంలా ఉంటుంది గానీ, ఆ కూర్చోవడమే పెద్ద పని. ఇప్పపువ్వు ఒక్క మనుషులకే కాదు, ఎలుగుకూ ఇష్టమే. పొదల్లో ఎండుటాకు నలిగిందంటే అది ఏ కాలి కింద నలిగిందో చెప్పగలిగినవాణ్ణి కూర్చోబెడతారు. కుందేలా, పందా, ఎలుగా. ఊళ్ళో ఆ చెవి పగిడయ్యది. చుట్టాలు కూడా తమ చెట్ల దగ్గరికి అతన్ని పిలుచుకునేవాళ్ళు.

అడవిలో వాళ్ళకింకో కట్టుబాటు ఉంది. ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. రెండో దానికీ పలకకూడదు. మనిషి కానిది ఏదైనా రెండుసార్లే పిలుస్తుందట, మూడోసారి పిలిచేది మనిషే. పగిడయ్య ఈ మధ్య ఇంట్లో కూడా ఆ కట్టుబాటే పాటిస్తున్నాడని జంపక్క ఎగతాళి చేసేది. "అన్నానికి పిలిచినా మూడుసార్లు పిలవాల్నా? ఇల్లుగూడ నీకు అడవేనా?" అని. పగిడయ్య నవ్వేవాడు. తనకు ఒక్క పిలుపే వినిపించిందని, అదే మొదటిదనుకున్నానని చెప్పేవాడు కాదు. చెవులు పోతున్నాయని అతనికీ అంతవరకు తట్టలేదు.

జంపక్కకు వెనకవైపు ఆకు నలిగింది. తల తిప్పి చూసింది. పది బారల దూరంలో తునికి పొద కదులుతోంది. నల్లటి వీపు కనిపించింది.

"ఓయ్," అంది నెమ్మదిగా. పగిడయ్య కదల్లేదు.

"ఓయ్, రమణ నాయ్నా," అని కొడుకు పేరు కలిపి పిలిచింది. కదల్లేదు. రెండయ్యాయి కదా, మూడోదానికి లేస్తాడనుకుంది. మూడోసారి గొంతు పెంచింది. నాలుగోసారి అరిచింది. అతను వాగు వైపే చూస్తూ, తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

ఎలుగు తల ఎత్తింది.

జంపక్క చేతిలో ఉన్న పువ్వుల గంప గురి చూసి విసిరింది. అది పగిడయ్య వీపున తగిలింది. అతను ఎగిరిపడి వెనక్కి తిరిగాడు. అప్పుడు చూశాడు. మొద్దు పక్కనున్న గొడ్డలి అందుకుని, జంపక్క చెయ్యి పట్టుకుని, వీపు చూపకుండా అడుగులో అడుగు వేస్తూ వాగులోకి దిగాడు. ఎలుగు రెండు మాట్లు బుసకొట్టి, ఒలికిన పువ్వుల మీదికి వంగింది.

అవతలి గట్టెక్కాక జంపక్క ఇసుకలో కూలబడింది.

"నాలుగుసార్లు పిలిచిన," అంది.

"ఒక్కటిగూడ ఇనలే," అన్నాడు పగిడయ్య.

ఆమె అతని వెనక్కి పోయి నిలబడింది. కోయభాషలో, మెల్లగా, అతని పేరు పిలిచింది. అంతకుముందు మొగుడి పేరు ఆమె ఏనాడూ నోట పలకలేదు. అతను తిరగలేదు. మళ్ళీ పిలిచింది. ముందుకొచ్చి అతని మొహం చూసింది. అతను వాగు నీళ్ళ వైపు చూస్తున్నాడు.

"నిన్ను పేరుపెట్టి పిలిచిన," అంది ఏడుస్తూ, అతనికి ఎదురుగా నిలబడి, గట్టిగా. "నీ పేరు పెట్టి పిలిచిన, నువ్వు ఇనలే."

పగిడయ్య చేత్తో చెవి రుద్దుకున్నాడు. వాగు పారుతోంది. చప్పుడు లేదు. ఆ చోట ఉండాల్సిన నీళ్ళ చప్పుడు బదులు బండి మోతే ఉంది, సన్నగా, అలుపులేకుండా.

ఆ రోజు రిసార్టులో పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంట ఒకటి వచ్చింది. వాళ్ళతో కెమెరాలు, గొడుగులు, పది మంది జనం. పగిడయ్య పోయేసరికి శ్రీనివాస్ మెట్ల మీద ఎదురొచ్చాడు.

"ఇయ్యాల బండి పెట్టకు. వాళ్ళు వీడియో తీస్తుండ్రు, గెస్టులకు సప్పుడు పడదు. అంచులు కొడవలితోని కొయ్."

పగిడయ్య అతని మూతి వైపే చూశాడు. సప్పుడు పడదు. ఆ మాట ఆ మూతి మీద స్పష్టంగా కనిపించింది. ఐదు నెలలుగా తన చెవికి పడిన చప్పుడు, వాళ్ళ చెవికి ఒక్క పూట కూడా పడదు.

"సార్, రేపు నాకు సెలవు కావాలె. దవాఖానకు పోవాలె. చెవులు ఇనబడ్తలేవు."

"ఎల్లుండి ఓనర్ వస్తుండు పగిడయ్యా. రేపు గడ్డంత కొయ్యాలె. వచ్చే వారం పో," అని భుజం తట్టి కెమెరాల వైపు పోయాడు శ్రీనివాస్.

కొడవలి కోసం స్టోర్ రూములోకి పోయాడు పగిడయ్య. ప్రమీల అక్కడ ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. పక్క తండా పిల్ల. కొడవలి పై అరలో ఉంది. దాన్ని లాగితే పక్కనున్న అట్టపెట్టె జారి కింద పడింది. మూత ఊడింది. లోపల ప్లాస్టిక్ కవరులో, వేలిముద్ర కూడా పడని కొత్త సైలెన్సర్. రెండు కొత్త బోల్టులు, ఒక వాషర్.

పగిడయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. దాని నోట్లోకి చూశాడు.

ప్రమీల అతని ముందుకొచ్చి, చెయ్యి కదిపి, మాట కలిపింది. "అది నీ బండిదే అన్నా. మేడారం జాతర ముందల్నే వచ్చింది. నీకు చెప్పలేదా?"

"చెప్పలే."

ప్రమీల నాలుక కరుచుకుంది. తరువాత ఇక దాచలేకపోయింది. "ఓనర్ సార్‌తోని ఫోన్ల చెప్తుంటే ఇన్న. సప్పుడు ఉంటెనే మంచిది సార్, ఈడ కూసోని గూడ పనోడు పని చేస్తుండో లేదో తెలుస్తది అన్నడు."

పగిడయ్య కొడవలి అక్కడే పడేసి, అట్టపెట్టె పట్టుకుని సరాసరి ఆఫీసు గదిలోకి పోయి శ్రీనివాస్ బల్ల మీద పెట్టాడు.

శ్రీనివాస్ పెట్టె చూశాడు, పగిడయ్యను చూశాడు. ఇబ్బంది పడ్డట్టు ఒక్క క్షణం కనిపించాడు. అంతే, ఆ తరువాత మళ్ళీ మామూలే. కుర్చీ చూపించాడు. ప్రమీలను కేకేసి టీ తెమ్మన్నాడు. పగిడయ్య కూర్చోలేదు.

"అబద్ధమెందుకు, వచ్చింది," అన్నాడు శ్రీనివాస్. "నేనే పెట్టనియ్యలే. చూడు, నాకు ఇరవై పనులు. నీ ఎన్కనే తిరగాల్నా చెప్పు? సప్పుడు ఇనబడితే పని నడుస్తున్నట్టు, ఆగితే నువ్వు ఆగినట్టు. గంతే. నీ మీద నమ్మకం లేక కాదు. మీరు అడవోళ్ళు. ఇప్పపువ్వు టైములో ఎవడు పనిమీద ఉంటడో, ఎవడు చెట్టు కింద ఉంటడో ఎవలకు ఎరుక? నా పైన గూడ ఒకాయన ఉన్నడు, ఆయన నన్ను అడుగుతడు. సీజన్ కానియ్, నేనే పెట్టిపిస్త."

"సార్, నా చెవులు పోయినయ్."

"గిప్పుడు నేను మాట్లాడింది ఇనబడ్డది గద?"

"మీ మూతి చూస్తున్న సార్."

శ్రీనివాస్ నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అది ఏదో సరసమైనట్టు. అట్టపెట్టెకు మూత పెట్టి, బల్ల మీదుగా పగిడయ్య వైపు జరిపాడు. "తీస్కపోయి ఉన్నకాడనే పెట్టు."

తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఒక మాట అనిపించుకుని ఒక మాట అనొచ్చు. పగిడయ్య ఆ పెట్టెను తన చేతుల్తో తీసుకుపోయి, తన చేతుల్తో పై అరలో పెట్టాడు. కొడవలి తీసుకున్నాడు. సాయంత్రం దాకా మోకాళ్ళ మీద కూర్చుని అంచులు కోశాడు. కోసినంతసేపూ చెయ్యి ఆగలేదు. కెమెరాల వాళ్ళు ఆ జంటను గడ్డి మీద నడిపించారు, నవ్వించారు, మళ్ళీ నడిపించారు. ఒకతను పగిడయ్య దగ్గరికొచ్చి పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. జరిగాడు.

ఇంటికి పోయాక జంపక్కకు అంతా చెప్పాడు. చెప్పి, "రేపు తొమ్మిదిన్నరకు రోడ్డు మీదికి రా. దవాఖానకు పోదాం," అన్నాడు.

"సెలవిచ్చిండా?"

"అవ్. తనే ఇచ్చిండు. ఇయ్యాల్టిదాక నాకే సమజ్ కాలే."

మర్నాడు పగిడయ్య ఎప్పటిలాగే ఎనిమిదింటికి పనిలోకి దిగాడు. గంటసేపు ముందరి గడ్డి కోశాడు, నున్నగా, ఒక్క గీత తప్పకుండా. తరువాత ట్యాంకు నిండా పెట్రోల్ పోశాడు. బండిని ఎరువు గుంట వెనక్కి తోసుకుపోయాడు. అక్కడ పాత పంపు షెడ్డు కూలగొట్టగా మిగిలిన గచ్చు ఉంది. ఆ వైపు ఎవరూ రారు.

బండిని గచ్చు మధ్యలో నిలబెట్టాడు. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా ఇటుకలు ఆనించాడు. ఒకసారి కుదిపి చూశాడు, కదల్లేదు. తాడు గుంజాడు. ఈసారి మొదటి గుంజుకే అంటుకుంది, దానికి కూడా తొందరగా ఉన్నట్టు. లివర్‌ను హ్యాండిల్‌కు అదిమిపెట్టి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరుతో ఏడెనిమిది చుట్లు చుట్టి ముడేశాడు. చెయ్యి వదిలాడు. బండి ఆగలేదు. ఎవరైనా పొరపాటున దగ్గరికి పోకుండా చుట్టూ తుమ్మకంపలు లాగి కంచెలా పరిచాడు. మనిషి లేకుండా కూడా అది అంతే శ్రద్ధగా మోగుతోంది.

స్టోర్ రూములోకి పోయి అట్టపెట్టె తెచ్చాడు. కొత్త సైలెన్సర్ తీసి, కంప కంచె బయట, కనిపించేటట్టు ఒక ఇటుక మీద పెట్టాడు. పక్కన రెండు బోల్టులూ పెట్టాడు, వాషర్ కూడా. చెవుల్లోని పత్తి తీసి సైలెన్సర్ నోట్లో కుక్కాడు.

దొడ్డిదారి ఉంది గానీ పగిడయ్య దానిలో పోలేదు. ఆఫీసు ముందునుంచే నడిచాడు. కిటికీలో శ్రీనివాస్ వీపు కనిపించింది. కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, ఫోన్లో ఏదో చూస్తున్నాడు. నిశ్చింతగా ఉన్నాడు. బండి మోగుతోంది కదా. కారిడార్లో చీపురు పట్టుకుని నిలబడ్డ ప్రమీల పగిడయ్యను చూసింది, మోత వచ్చే వైపు చూసింది, మళ్ళీ పగిడయ్యను చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంగి ఊడవసాగింది.

రోడ్డు మీద భద్రాచలం బస్సు కోసం ఐదారుగురు నిలబడి ఉన్నారు. జంపక్క అప్పటికే వచ్చి ఉంది. అతని చెవుల వైపు చూసింది. బస్సు ఆలస్యమైంది. పదయింది, పదింబావయింది. ఎండ ముదిరింది. అడవి మీదుగా బండి మోత రోడ్డు దాకా వినిపిస్తూనే ఉంది. అది ఎవరు తోస్తున్నారో జంపక్కకు అర్థం కాక మొగుడి మొహంలోకి చూస్తోంది. అతను మాత్రం ఏమీ ఎరగనట్టు బస్సు వచ్చే వైపు చూస్తున్నాడు.

పదిన్నరకు జంపక్క అతని మోచెయ్యి తట్టింది. ఎదురుగా నిలబడి, మూతి కనిపించేటట్టు చెప్పింది. "బండి ఆగింది."

పగిడయ్య తల పక్కకు వంచి కాసేపు విన్నాడు.

"నాకు ఆగలే," అన్నాడు. "ఇగ ఆగదేమో."

జంపక్క కళ్ళు నిండాయి. అతను ఆమె భుజం పట్టుకోబోయేంతలో జేబులో ఫోన్ వణికింది. తీసి చూశాడు. చేతిలో పెట్టుకుని ఊరుకున్నాడు. వణికి వణికి ఆగిపోయింది.

"ఒకటి," అన్నాడు.

మళ్ళీ వణికింది. మళ్ళీ ఆగింది.

"రెండు."

జంపక్కకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మూడోసారి వణికింది.

"అయితే మనిషే," అని ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు పగిడయ్య. "హలో," అన్నాడు. తన గొంతు తనకు తెలియక ఎంత గట్టిగా అన్నాడంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఫోన్లో ఏదో గుసగుసలాంటిది కదిలింది. పక్కనే ఉన్న జంపక్కకు మాత్రం ప్రతి మాటా తెలుస్తోంది. ఏడున్నవ్, బండి ఎందుకాగింది, గీ కంపలేంది, ఎవలనడిగి పోయినవ్. ఆమె చెప్పబోతే అతను వద్దని చెయ్యెత్తాడు.

"ఇనబడ్తలేదు సార్. గట్టిగ."

శ్రీనివాస్ గొంతు పెంచాడు. ఇప్పుడు రోడ్డు మీదున్న ఒక ముసలాయనకు కూడా వినిపించింది.

"ఇంక గట్టిగ సార్."

అవతల శ్రీనివాస్ అరవడం మొదలుపెట్టాడు. భుజం తట్టే గొంతు కాదది. ఎరువు గుంట దగ్గర నిలబడి, గదుల్లోంచి గెస్టులు బయటికొచ్చి చూసేటట్టు, గొంతు చిరిగేటట్టు అరుస్తున్నాడు. బస్సు మలుపు తిరిగింది. జంపక్క రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తింది.

పగిడయ్య బస్సు మెట్టు మీద కాలు పెట్టి, ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి నోటి ముందు పెట్టుకున్నాడు.

"ఆపకు సార్, అరుస్తనే ఉండు," అన్నాడు. "సప్పుడు ఇనబడితెనే గద, నువ్వు ఉన్నట్టు నాకు తెలిసేది."

ఫోన్ ఆపలేదు. అలాగే జేబులో వేసుకుని, జంపక్క పట్టి ఉంచిన సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు.